మ్యూట్‌లో ప్రభుత్వం

వినికిడి పరీక్షలు చేసే చోట టీవీకి నోరుండకూడదు. ఆ క్లినిక్‌లో మొదటినుంచీ అదే రూలు. వెయిటింగ్ రూమ్ తెర మీద మంత్రులు వేళ్ళు చూపించుకుంటారు, బల్లలు గుద్దుతారు, రాజీనామాలు విసురుతారు. మాట మాత్రం బయటికి రాదు.

అలాంటి గదిలోంచి ఒక ఉదయం మాటలు వినబడేసరికి, లోపల ఎవరికో చెవి పరీక్ష చేస్తున్న ఆమె, మధ్యలో ఆపి విసవిసా బయటికి వచ్చింది.

తెర మీద ఇద్దరు నాయకులు చెవులు కొరుక్కుంటున్నారు. చేతిలో బుల్లి స్క్రూడ్రైవర్‌తో నిలబడ్డ ఒక యువకుడు వాళ్ళకు గొంతు అరువిస్తున్నాడు.

"ప్రభుత్వం పడిపోయిందటగా?"

"నిన్నటిదా, ఇవాళ్టిదా?"

"ఏమోనయ్యా, అసలు నేను ఏ పార్టీలో ఉన్నానో మా ఆవిణ్ణి అడిగి చెప్తాను."

కుర్చీల్లోని పెద్దవాళ్ళు కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వుతున్నారు. వాళ్ళలో సగం మందికి సరిగ్గా వినబడదు కూడా.

"అవి వార్తలండీ. నాటకం కాదు," అంది ఆమె.

"తేడా చెప్పండి, దిద్దుకుంటాను," అన్నాడతను ఎంతో వినయంగా.

చెవి మిషన్లు బాగుచేయడానికి కొత్తగా చేరాడట. ఆమె మూతి ముడుచుకుని లోపలికి వెళ్ళిపోయింది. కానీ ఓ మధ్యాహ్నం తెర మీదికి మహిళా మంత్రి వచ్చింది. అతను పీలగా తీసిన ఆడగొంతు విని ఆమెకు ప్రాణం విసిగిపోయింది.

"ఆడవాళ్ళు అలా మాట్లాడతారా? జరగండి!"

మెకానిక్ జరిగాడు. ఆ క్షణం నుంచి మంత్రివర్గంలో ఆడవాళ్ళంతా ఆమె వంతు.

బయట దేశం అట్టుడికిపోతోంది. పొద్దున రద్దయిన సభ సాయంత్రానికి లేచి కూర్చుంటోంది. ఇంట్లో నాన్న టీవీ సౌండు పూర్తిగా పెంచి, తెరతో పోట్లాడుతున్నాడు. ఆమెకు రాత్రి నిద్రలోనూ బ్రేకింగ్ న్యూసే. క్లినిక్‌కి వచ్చి, అతని పక్కన నిలబడి, ఆ మూగ తెరకు నాలుగు పిచ్చి మాటలు తగిలిస్తే గానీ గుండె తేలికపడేది కాదు. కిటికీ అద్దం మీద వాన జారుతుంటే, తెర నీలి వెలుగులో అతని నవ్వు మసకమసకగా కనిపించేది. మీరు కాస్తా నువ్వు అయింది. ఎప్పుడైందో ఇద్దరూ గమనించలేదు.

ప్రభుత్వం మళ్ళీ కూలిన రోజున ఆమె టిఫిన్ డబ్బా మూత కూడా తీయలేదు.

"నాన్నా, బావా రాజకీయాల మీద మాటా మాటా అనుకున్నారు. గడప తొక్కొద్దన్నాడు నాన్న. అక్క ఫోన్ చేసి ఒకటే ఏడుపు. నాన్నేమో..."

"సమగ్ర విచారణకు ఆదేశిస్తున్నాం!" అన్నాడతను హోంమంత్రి గొంతుతో.

ఆమె నవ్వలేదు. మెల్లగా లేచింది.

"నేను కూడా నీకు మ్యూట్‌లో ఉన్న టీవీనేనా?"

ఆ తర్వాత వెయిటింగ్ రూమ్ మూగబోయింది. బ్యాటరీల కోసం తరచూ వచ్చే మామ్మగారు మిషన్ తీసి చేతిలో తట్టి చూసుకుంది. "బాబూ, ఇది పాడైనట్టుంది. నీ గొంతు వినపడటం లేదు."

"అది బాగానే ఉంది మామ్మగారూ. నేనే పాడయ్యాను," అన్నాడతను.

ఓ వాన సాయంత్రం, క్లినిక్ కట్టేసే ముందు, అతను పరీక్ష గదిలోకి వెళ్ళి తనంతట తనే హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కూర్చున్నాడు. బయటి చప్పుడు చొరబడని చిన్న గది అది. అందులో కూర్చుంటే తన ఊపిరి తనకే వినిపిస్తుంది. అద్దానికి ఇవతల మిషన్ దగ్గర ఆమె.

"నాక్కూడా పరీక్ష చెయ్యి. ఈమధ్య సరిగ్గా వినడం లేదని కంప్లయింట్ వచ్చింది."

ఆమె ముభావంగానే మీట నొక్కింది. శబ్దం వినిపిస్తే అతను బటన్ నొక్కాలి. నొక్కాడు. ఆమె శబ్దం ఆపేసింది. అయినా నొక్కాడు.

"ఇప్పుడు నేనేం పంపలేదు," అంది మైకులో.

"నువ్వు ఇటు చూశావు. ఏదో వినిపించింది."

"మళ్ళీ జోకా?"

"కాదు." అతను కళ్ళు దించుకున్నాడు. "ఆ రోజు నీ కళ్ళలో నీళ్ళు చూసి భయమేసింది. భయమేస్తే నాకు వేరేవాళ్ళ గొంతే వస్తుంది. నువ్వు సగంలో ఆపేశావు. మీ నాన్నగారి సంగతి మొత్తం చెప్పు. వింటాను."

ఆమె చెప్పింది. నాన్న దొంగతనంగా బావ ఫోటో చూసుకోవడం, అక్క పంతం, అన్నీ. అతను ఒక్క మాట అడ్డు రాలేదు. చెప్పడం అయ్యేసరికి వాన వెలిసి, అద్దం మీద ఎర్రటి ఎండ పడింది.

"ఆదివారం మీ బావగారిని నేను తీసుకొస్తాను. మీ నాన్నగారిని నువ్వు చూసుకో. అరుపులైతే ఇద్దరం పంచుకుందాం." తలెత్తి ఆమెను చూశాడు. "ఇంకొకటి. నువ్వంటే నాకు చాలా ఇష్టం."

ఆమె వేలు మైకు మీట మీదే ఉంది. "ఇది ఎవరి గొంతు?"

"నాదే. ఎక్కువ వాడలేదు. కాస్త వణుకుతుంది, సర్దుకో."

ఆమె లేచి, ఆ గది బరువైన తలుపు తెరిచింది. అతని ఎదురుగా వచ్చి నిలబడింది. అతని తల మీంచి హెడ్‌ఫోన్స్ తీసి, చెదిరిన జుట్టు సరిచేసింది.

వెయిటింగ్ రూమ్‌లోంచి, బ్యాటరీల కోసం వచ్చిన మామ్మగారి కేక. "డాక్టరమ్మా! టీవీలోకి ఎవరో కొత్తాయన వచ్చాడు. ఎవరైనా వచ్చి మాట్లాడండమ్మా!"

"కాస్త ఆగమనండి మామ్మగారూ," అంది ఆమె, అతని చెయ్యి వదలకుండా. "ఇక్కడ ప్రమాణ స్వీకారం జరుగుతోంది!"