మూసిన ఇంట్లో వైఫై

ధవళేశ్వరంలో కాలువగట్టు మీదున్న ఆ డాబా ముందునుంచి చీకటిపడ్డాక ఎవరూ నడవరు. ఇంటాయన వేంకటేశ్వర్లుగారు చెడ్డ నక్షత్రంలో పోయారని ఆరునెలలు ఇల్లు మూసేశారు. మూసిన ఇంట్లో రాత్రిళ్ళు ఏదో పచ్చగా మినుకుమంటోందనీ, ఎవరో దగ్గుతున్నారనీ...

నా దగ్గర ఏడో తరగతి చదివిన శ్రీసుధ ఆ ఇంట్లోకి వెళ్ళింది. ఆ పిల్ల చెప్పిందే చెబుతున్నాను.

గోదారి పెరిగితే నది మధ్య లంకల్లో ఉండేవాళ్ళ ఫోన్లకి మెసేజీలు వెళ్ళే ఏర్పాటు ఒకటి వేంకటేశ్వర్లుగారు చేశారు. శ్రీసుధ సాయం పట్టింది. ఆ పని చేసే కంప్యూటరు, సర్వరు, ఎక్కడో ముంబైలో ఉంటుంది. మొన్న శ్రావణంలో వరద తోసుకొస్తున్న రాత్రి అది కాస్తా మూగబోయింది. లోపలికి వెళ్ళి మళ్ళీ నడిపించాలి. రాజమండ్రిలో తన గదిలోంచి శ్రీసుధ, దూరపు కంప్యూటర్లోకి దారి ఇచ్చే ఎస్‌ఎస్‌హెచ్‌తో దాని తలుపు తట్టింది.

జవాబు లేదు. గడువు దాటిందని తెర మీద పడింది: టైమ్‌డ్ అవుట్.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. తలుపు తడితే "పో" అన్నారనుకోండి, లోపల మనిషున్నట్టు. "ఈ తాళంచెవి కాదు" అన్నా ఉన్నట్టే. అసలు పలుకే లేదంటే... మన చప్పుడే అక్కడికి చేరడం లేదు. వీధిలోనే ఎవరో అడ్డుకుంటున్నారు.

మళ్ళీ తట్టింది. నెట్ మార్చి తట్టింది. అవతల లంకలు నిద్రపోతున్నాయి...

అప్పుడు గుర్తొచ్చింది. "మా ఇంటి నెట్ నుంచి వస్తేనే రానిస్తుందమ్మా, అలా కట్టుదిట్టం చేశాను" అనేవారాయన. ఆ షరతు మార్చే పాస్‌వర్డ్ ఆయనతోనే పోయింది.

వానలో స్కూటీ మీద ధవళేశ్వరంలో ఆ ఇంటికి వచ్చింది. వీధంతా కరెంటు లేదు. అరుగు మీద కూర్చుని, ఏమూలో ఆశతో లాప్‌టాప్ తెరిచింది.

ఆయన వైఫై పేరు — కనిపించింది.

మూసిన ఇంట్లో మోడెం ఎవరు వేశారు?

కలిసింది... తెగింది. గోడలు మందం. లోపలికి వెళ్ళక తప్పదు. పెరటి తలుపు నెట్టింది. గడియ తీసే ఉంది.

"గడప ఎత్తుగా ఉంటుంది... చూసుకో," చీకట్లోంచి గుసగుస.

పారిపోదామనుకుంది. లంకలు గుర్తొచ్చాయి. అక్కడే కూలబడి, లాప్‌టాప్‌లోంచి సర్వరు తలుపు మళ్ళీ తట్టింది.

తలుపు తెరుచుకుంది. ఆగినదాన్ని మళ్ళీ నడిపించింది.

మరుక్షణం బల్లమీద ఓ ఫోను మోగి వెలిగింది. ఆ వెలుగులో, పడక్కుర్చీ పక్కన నేలమీద... సీతారామలక్ష్మిగారు. ఆయన భార్య.

"పక్కవీధిలో తమ్ముడింట్లో నిద్రపట్టదమ్మా. రోజూ ఇలా వచ్చి కూర్చుంటాను. మా మరదలికి చెప్పకు, పంచాంగం పట్టుకొస్తుంది. ఇన్వర్టరు మీద మోడెం నేనే వేసి ఉంచాను. ఆయన ఉండగా ఆ పచ్చ దీపాలు ఎప్పుడూ ఆరేవి కావు."

ఫోను అందించింది. "ఇదీ ఆయనదే. ఛార్జింగు పెడుతూనే ఉన్నా. ఇన్నాళ్ళకి మోగింది. నాకు కళ్ళజోడు లేదు, ఏంటో చదువు."

సరిగ్గా వెళ్తున్నాయో లేదో చూసుకోవడానికి ఆయన తన నంబరే మొదట పెట్టుకున్నారు. అది మోగిందంటే లంకలకీ వెళ్తున్నట్టే.

ఆయన ఎప్పుడో రాసిపెట్టిన మాటల్ని శ్రీసుధ చదివింది. "గోదారి పెరుగుతోంది. ఉన్నవాళ్ళు ఉన్నట్టే లేచి ఏటిగట్టు మీదికి వచ్చేయండి. — వేంకటేశ్వర్లు."

ఆవిడ పడక్కుర్చీ చెయ్యి పట్టుకుని, మెల్లగా లేచి నిలబడింది.

"పదమ్మా," అంది. "లేవమంటున్నారు."