తుడిచి దాచిన కెమెరా

ఫిల్ము రీళ్ళ రోజులవి. దీవిలో పువ్వునీ పిట్టనీ, సముద్రం అడుగున చేపనీ వదలకుండా ఫొటోలు తీసిన పెద్దాయన పోయి నెల కాలేదు. ఆయన భార్య ఒక సంచీని గుండెలకు హత్తుకుని డిటెక్టివ్ ఆఫీసు మెట్లెక్కింది.

డిటెక్టివ్‌కు సహాయకురాలు, వరసకు మేనకోడలు అయిన అమ్మాయి కుర్చీ వేసింది. చిన్నప్పుడు బడి గోడ మీద ఉన్న తాబేలు ఫొటో ఈవిడ భర్త తీసిందేనని తెలిసి ఆమె మనసు ఎటో వెళ్ళిపోయింది. లెక్కల పరీక్షకు ముందు ఆ తాబేలుకు దండం పెట్టుకునేది. మార్కులూ తాబేలు నడకలోనే వచ్చేవి.

"ఏం పోయిందమ్మా?" అన్నాడు డిటెక్టివ్.

"కెమెరాలో ఫిల్ము. ఆ రోజు సముద్రంలోంచి వచ్చి కెమెరా వరండాలో పెట్టారు. 'ఇవాళ తీసింది నీకు చూపించాలి' అన్నారు. అంతలోనే గుండె పట్టుకుని కూలబడ్డారు. ఆస్పత్రి నుంచి మళ్ళీ రాలేదు. ఆయన చూపిస్తానన్నది నేను చూడాలి బాబూ. నాకింకేం వద్దు."

"అప్పుడు ఇంటికి ఎవరొచ్చారు?"

"బట్టలకోసం మా మరిది. తలుపులు వెయ్యడానికి ఆయన శిష్యుడు. మరిదికి ఆ ఫొటోల మీద ఎప్పటినుంచో కన్ను. క్యాలెండర్లు వేయిస్తానంటాడు."

"కెమెరా ఎక్కడ దొరికింది?"

"బియ్యం డబ్బాలో, మెత్తటి గుడ్డ చుట్టి. తడి లాగేస్తుందని ఆయనే అలా పెట్టేవారు. ఈసారి ఎవరు పెట్టారో తెలీదు."

నీళ్ళు చొరకుండా కెమెరాకు తొడిగే పెట్టెను డిటెక్టివ్ ఆవిడ సంచీలోంచి తీసి వెలుతురులో తిప్పి చూశాడు. మూత చుట్టూ రబ్బరు మీద ఉప్పు తెల్లగా పేరుకుంది.

"దీన్ని మంచినీళ్ళలో నానబెట్టి, ఉప్పు పోయాకే తెరవాలి కదూ?"

"ఎంత తొందరున్నా అంతే. శిష్యుడికీ అదే నూరిపోశారు."

మర్నాడు అందరూ ఆ ఇంటి వరండాలో కూర్చున్నారు. ఎదురుగా తోట అడ్డదిడ్డంగా పెరిగిపోయింది. దొంగ మరిదేనని మేనకోడలు ఎప్పుడో తీర్పు చెప్పేసుకుంది. డిటెక్టివ్ కెమెరాను మరిది చేతికిచ్చి పెట్టెలో అమర్చమన్నాడు. అతను దాన్ని తలకిందులుగా దూర్చబోయాడు.

"నన్ను అనుమానిస్తున్నావా వదినా?" అన్నాడు నొచ్చుకుంటూ.

"ఈయన కాదమ్మా," అన్నాడు డిటెక్టివ్. "దొంగకు కెమెరా తుడిచి బియ్యంలో పెట్టే ఓపిక ఉండదు. ఇది మీ ఆయన దగ్గర పని నేర్చిన చెయ్యి. కానీ అదే చెయ్యి పెట్టెను నానబెట్టకుండా తెరిచింది. అంటే ఏదో చూసి కంగారు పడింది. ఫిల్ము బాగుంటే ఆ మనిషే ఫొటోలు తెచ్చి మీకిచ్చేవాడు. ఇవ్వలేదంటే అది పాడై ఉండాలి."

శిష్యుడు తల దించుకున్నాడు. జుట్టు నెరిసిన మనిషి, ఆయన దగ్గరే పెరిగాడు.

"అద్దం లోపల నీటిచుక్క కనిపించిందమ్మా. ఫిల్ము తడిసిపోతుందని గబగబా పెట్టె, కెమెరా రెండూ తెరిచాను. ముందు రీలు వెనక్కి డబ్బీలోకి చుట్టాలన్న ధ్యాసే లేదు. పట్టపగలు, ఎండలో తెరిచాను. వెలుతురులో తెరవకూడదన్నదే ఎవరికైనా నేర్పేటప్పుడు మొదట చెప్పే మాట. వెంటనే మూసేసి, మీకు మొహం చూపించలేక రీలు చీకటిగదిలో దాచేశాను."

"పై చుట్లకు వెలుతురు తగిలి ఉంటుంది. లోపలి చుట్లు, అంటే ముందు తీసినవి, బతికుండొచ్చు," అన్నాడు డిటెక్టివ్.

ఆవిడ లేచి, చీకటిగదికి నడుస్తూ, "రా, ఫిల్ము ఇద్దరం కలిసి కడుగుదాం," అంది శిష్యుడితో.

సముద్రంలో తీసినవన్నీ మాడిపోయాయి. ఆయన చూపిస్తానన్నది ఏమిటో ఇక ఎవరికీ తెలియదు. మొదటి ఫొటో ఒక్కటే దక్కింది. తోటలో పిచ్చుక గూడు మసకగా ఉంది, దాని వెనక స్పష్టంగా, చేత్తో కాఫీ గ్లాసు ఎత్తి చూపిస్తూ ఆవిడ.

"చల్లారిపోతోందని తిడుతున్నాను," అంది ఆవిడ, తడి కాగితాన్ని రెండు చేతులా పట్టుకుని. "పిట్టను చూస్తున్నారనుకున్నాను."