ఇంజనీరమ్మ తాళం

శవాన్ని బయటికి తీసేసరికి సాయంత్రం నాలుగున్నర అయింది.

సబ్బుపొడి కలిపే డ్రమ్ము అది. మనిషి లోపల నిలబడి పని చేసుకునేంత పెద్దది. లోపల ఉక్కు బ్లేడ్లు. స్విచ్ వేస్తే తిరుగుతాయి. మధ్యాహ్నం రెండూ పదికి స్విచ్ వేశారు. ఆ సమయంలో లోపల ఒక ఆడపిల్ల ఉంది.

ఇంజనీరింగ్ విద్యార్థిని. చదువులో భాగంగా ఏడాదిపాటు ఈ ఫ్యాక్టరీలో పని నేర్చుకోవడానికి వచ్చింది. అందరూ ఇంజనీరమ్మ అనేవారు. మొదట్లో వెక్కిరింతగా, తర్వాత ముద్దుగా. ఆ ఏడాది ఇంకో వారంలో ముగుస్తుంది.

ఇన్‌స్పెక్టర్ శవాలు చూడని మనిషి కాదు. ఆ పిల్ల జేబులు ఆమే వెతికింది. కొలతల టేపు. అరిగిన పెన్సిలు. ఒక చిన్న తాళంచెవి.

అంతే.

మేనేజర్ గదిలో ప్రశ్నలు మొదలయ్యాయి.

"లోపల మనిషి ఉంటే మెషీన్ ఎలా తిరిగింది?"

"తాళం వేసుకోలేదు మేడం. డ్రమ్ములోకి దిగే ప్రతి మనిషీ ముందు మెయిన్ స్విచ్‌కి తన తాళం వెయ్యాలి. తాళంచెవి తన జేబులోనే ఉండాలి. పనయ్యాక తనే తియ్యాలి. తాళం ఉన్నంతసేపూ స్విచ్ కదలదు."

"ఆ అమ్మాయి తాళం ఎక్కడుంది?"

"తన లాకర్లోనే దొరికింది."

"స్విచ్ వేసిందెవరు?"

"ఆపరేటర్. అతను వచ్చేసరికి తాళం లేదు. వేశాడు. అతని తప్పేముంది?"

"మరి ఎవరి తప్పు?"

మేనేజర్ గొంతు తగ్గించాడు.

"పోయిన పిల్ల గురించి అనకూడదు. కానీ మహా మతిమరుపు మేడం. ఇదివరకు రెండుసార్లు స్విచ్‌కి తాళం వేసి, తియ్యడం మరిచిపోయి ఇంటికెళ్ళింది. ఫ్యాక్టరీ అంతా ఆగింది. ఈసారి అసలు వెయ్యడమే మరిచిపోయింది."

చచ్చినవాళ్ళ కళ్ళు చారెడు అంటారు. ఈ ఫ్యాక్టరీలో మాత్రం చచ్చిన పిల్ల తప్పులే చారెడయ్యాయి.

తర్వాత ఫోర్‌మన్ వచ్చాడు. ఇంజనీరమ్మకు ఏడాదంతా పని నేర్పింది అతనే. ఆమె మాస్టారూ అని పిలిచేది. అతని కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఆమె లోపలికి ఎందుకు దిగింది?"

"బ్లేడ్లు తొందరగా అరిగిపోతున్నాయి మేడం. ఎందుకో కనిపెట్టడమే తన ప్రాజెక్టు. పొద్దున ఇద్దరం కలిసే దిగాం. పన్నెండింటికి పైకొచ్చాం."

"మళ్ళీ దిగినట్టు మీకు తెలీదా?"

"తెలీదు. రెండు గంటల బస్సుకి కాలేజీకెళ్ళాలంది. వెళ్ళిపోయిందనుకున్నా." అతను రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. "ఒక్క కొలత తేడాగా ఉందని భోజనం దగ్గర కూడా గొణుక్కుంది. వదిలెయ్యి తల్లీ అన్నాను. వదల్లేదు."

అతను నిజంగానే ఏడుస్తున్నాడు. దొంగ ఏడుపేదో ఇన్‌స్పెక్టర్‌కు తెలుసు. ఇది అది కాదు.

మర్నాడు పొద్దున ఆ పిల్ల తల్లి స్టేషన్‌కి వచ్చింది. ఆమె కళ్ళల్లో తడి లేదు. కుర్చీలో కూర్చుని పోయిన కూతుర్ని తిట్టడం మొదలుపెట్టింది.

"చిలక్కి చెప్పినట్టు చెప్పానమ్మా. పొయ్యి మీద పాలు పెట్టి మరిచిపోయేది. గొడుగు తీసుకెళ్తే గొడుగు లేకుండా వచ్చేది. ఈ బుర్రతో మెషీన్ల దగ్గరికి ఎందుకే అంటే నవ్వేది. చూడండి, ఎంత పని చేసిందో!"

ఇన్‌స్పెక్టర్ మంచినీళ్ళు ఇచ్చింది. తల్లి ముట్టుకోలేదు.

"నాకు ఒక్కటే కావాలి. అది తాళం వేసిందా, లేదా? తన చావు తనే తెచ్చుకుందని అందరూ అంటున్నారు. నేనూ అదే అనుకుంటున్నా. ఏడుపు రావట్లేదమ్మా. కోపమే వస్తోంది. వెయ్యలేదంటే లేదనే చెప్పండి. తిట్టుకుంటూనే బతుకుతాను."

ఆమె వెళ్ళిపోయాక ఇన్‌స్పెక్టర్ చాలాసేపు ఆ కుర్చీ వైపే చూసింది. కడుపున పుట్టిన బిడ్డ పోతే ఏడవలేకపోవడం కంటే నరకం ఇంకోటి లేదు.

ఆమె తాళాన్ని బల్లమీద పెట్టుకుంది. లాకర్లో దొరికినప్పుడు అది మూసి ఉంది. జేబులో దొరికిన తాళంచెవి తిప్పింది. కొక్కెం ఠక్కున పైకి లేచింది. తాళంచెవి లాగింది.

రాలేదు.

గట్టిగా లాగింది. రాలేదు. కొక్కెం నొక్కి మూసింది. తాళంచెవి సులువుగా చేతిలోకి వచ్చేసింది.

ఇన్‌స్పెక్టర్ లేచి నిలబడింది. జీప్ తియ్యమంది.

ఫ్యాక్టరీలో ఆమె మొదట మిగతా పనివాళ్ళ లాకర్లు తెరిపించి చూసింది. తర్వాత ఇంజనీరమ్మ లాకర్లో ఉన్న ఫోన్ చూసింది. డ్రమ్ములోకి దిగేవాళ్ళని ఫోన్ తీసుకెళ్ళనివ్వరు. అందులో ఒక మిస్డ్ కాల్ ఉంది. మధ్యాహ్నం రెండూ అయిదు.

పదకొండింటికి అందరూ మెయిన్ స్విచ్ ముందు నిలబడ్డారు. మేనేజర్, ఫోర్‌మన్, ఆపరేటర్. తల్లి ఒక స్టూలు మీద కూర్చుంది. ఆమెను తీసుకురావద్దని మేనేజర్ అన్నాడు. ఇన్‌స్పెక్టర్ వినలేదు.

"ఈ తాళం తెరిచి ఉంటే తాళంచెవి బయటికి రాదు. మూస్తేనే వస్తుంది. అవునా?"

"అవును మేడం. అలాంటివే తెప్పిస్తాం," అన్నాడు మేనేజర్.

"అందుకే మీ వాళ్ళ లాకర్లలో వాడని తాళాలన్నీ తెరిచే ఉన్నాయి. తాళంచెవులు వాటికే ఉన్నాయి. ఈ అమ్మాయి తాళం వెయ్యడం మరిచిపోయి ఉంటే ఇదీ అలాగే ఉండాలి. కానీ తాళంచెవి ఆమె జేబులో ఉంది. అంటే తాళం మూసింది. దేనికి వేసి మూసింది?"



"లాకర్లోనే ఊరికే నొక్కేసి, తాళంచెవి జేబులో వేసుకుందేమో?" మేనేజర్ నసిగాడు.

"మరిచిపోయే మనిషి మొత్తం మరిచిపోతుంది సార్. సగం మరిచిపోదు. ఆమె ఈ స్విచ్‌కే తాళం వేసింది. తాళంచెవి జేబులో పెట్టుకుని దిగింది. పైన ఇంకెవరో ఆ తాళం తీశారు. అన్ని తాళాలకూ పట్టే మాస్టర్ కీ ఎవరి దగ్గర ఉంటుంది?"

ఆపరేటర్ తల దించుకున్నాడు. ఆ చూపు నేలమీదికి పోయేముందు ఒక్క క్షణం ఫోర్‌మన్ మీద ఆగింది.

"రెండూ అయిదుకి మీరు ఆమెకు ఫోన్ చేశారు మాస్టారూ. ఎందుకు?"

ఫోర్‌మన్ గోడకు ఆనుకున్నాడు. మెల్లగా నేలమీద కూలబడ్డాడు.

"మళ్ళీ మరిచిపోయిందనుకున్నా మేడం. భోజనం చేసి వచ్చేసరికి తాళం అలాగే ఉంది. పొద్దున వేసింది తియ్యకుండానే బస్సెక్కిందనుకున్నా. మేనేజర్ గారు పావుగంటలో మూడుసార్లు ఫోన్ చేశారు, ఇంకా మెషీన్ తిరగలేదేంటని. తనకి ఫోన్ చేశాను. ఎత్తలేదు. ఇక్కణ్ణుంచే ఒక కేక వేశాను. పలకలేదు."

"డ్రమ్ములోకి తొంగి చూశారా?"

"లేదు."

"చూడాలని రూలు ఉందా?"

"నేనే తనకి నేర్పాను, ఆ రూలు." అతను స్విచ్ వైపు చూశాడు. "మాస్టర్ కీతో తీశాను. తిరిగి మూసి జేబులో వేసుకున్నా. సోమవారం రాగానే ఆటపట్టించి ఇద్దామని. ఇదిగో ఇంజనీరమ్మా, మూడోసారి, అందామని. ఆపరేటర్‌ని స్టార్ట్ చెయ్యమన్నా."

"తర్వాత లాకర్లో పెట్టారు."

"కేకలు విన్నాక జేబులో అది బరువుగా తగిలింది. ఏం చేస్తున్నానో తెలీలేదు. భయమేసింది మేడం. ఆ పిల్ల మీద తప్పు తోశాను. కూతురులాంటిదని నోటితో అంటూనే తోశాను."

మేనేజర్ మొహం పక్కకి తిప్పుకున్నాడు. తిలా పాపం తలా పిడికెడు. అతని పిడికిలీ ఖాళీగా లేదు.

తల్లి స్టూలు మీంచి లేచింది. కానిస్టేబుల్ ముందుకు రాబోతే ఇన్‌స్పెక్టర్ చేత్తో ఆపింది. తల్లి వెళ్ళి ఫోర్‌మన్ ముందు కూర్చుంది. నేలమీదే.

"అది తాళం వేసింది కదూ?"

"వేసిందమ్మా. నేర్పినట్టే వేసింది. ఏ తప్పూ చెయ్యలేదు."

"మీరు కేక వేశానన్నారు."

"వేశానమ్మా."

"ఎన్నిసార్లు?"

ఫోర్‌మన్ తలెత్తలేకపోయాడు.

"ఒక్కసారే."

తల్లి అతని వైపు కోపంగా చూడలేదు. చిన్నపిల్లాడికి చెప్పినట్టు మెల్లగా చెప్పింది.

"ఒక్కసారి చాలదు నాయనా. పనిలో ఉంటే అది మొదటి పిలుపుకి పలకదు. నేనైతే మూడుసార్లు పిలుస్తాను. మూడోసారికి, 'వస్తున్నానమ్మా, ఎందుకలా అరుస్తావు' అంటుంది."

ఆ మాట తన నోట్లోంచి వచ్చాక ఆమె ఆగిపోయింది. కూతుర్ని పేరు పెట్టి పిలిచింది. మళ్ళీ పిలిచింది. మూడోసారి పిలవబోయి, పిలవలేక, నోరు చేత్తో మూసుకుని ఏడ్చింది.