గేర్ బాక్సులో ఆముదం

బ్యారేజీ ఆయిల్ స్టోర్‌లో ఫిట్టర్ సత్తియ్య శవం బోర్లా పడి ఉంది. వీపులో ఒకే బుల్లెట్. సైలెన్సర్ వాడినట్టున్నారు, పక్క గదిలో టీ తాగుతున్నవాళ్ళకు కూడా వినపడలేదు. పాతికేళ్ళుగా గేట్ల క్రేన్‌కు నూనె పోసిన ఆ మనిషి గుప్పెట బిగించి చచ్చిపోయాడు.

ఏజెంట్ ఉదయ్‌భాస్కర్ ఆ గుప్పెట విప్పాడు. చేతినిండా నల్లటి జిడ్డు. వెగటు పుట్టింది. అయినా వేళ్ళ మధ్య పెట్టి రుద్దాడు. గరగరలాడింది. జేబులోని పెన్ను తీసి మూత తిప్పాడు. అది పెన్ను కాదు, మైక్రోస్కోప్. నూనెలో ఇనుమును అరగదీసే ఎమెరీ పొడి గాజు పెంకుల్లా మెరుస్తోంది.

ఆ ఉదయం చీఫ్ ఫోన్‌లో చెప్పింది నాలుగు ముక్కలే. "విదేశీ ముఠా. టార్గెట్ గోదావరి పాయ మీది బ్యారేజీ. మన ల్యాబ్ నుంచి మీనాకుమారి వస్తుంది. కోడ్ సరిపోతే నమ్ము."

పై నుంచి వరద తోసుకొస్తోంది. పన్నెండింటికల్లా గేట్లు లేవడం మొదలుకాకపోతే గట్టు తెగుతుంది. గట్టు కింద పద్దెనిమిది ఊళ్ళున్నాయి. గేట్లన్నింటినీ ఎత్తేది ఒకే క్రేన్. టైమ్ పదకొండూ పది. యుద్ధం చేసే దమ్ము లేక నూనెలో దుమ్ము కలిపే జాతి మీద ఉదయ్‌కి పరమ అసహ్యం వేసింది.

"ఇనుము నున్నగా కనిపిస్తుంది గానండి, దగ్గర్నుంచి చూస్తే అన్నీ ఎత్తుపల్లాలే," అన్నాడు బ్యారేజీ ఇంజనీర్ మల్లేశ్వరరావు, క్రేన్ గేర్ బాక్సు మూత విప్పుతూ. "మధ్యన నూనె పొర ఉంటేనే పళ్ళు ఒకదాన్నొకటి కొరుక్కోకుండా తిరుగుతాయి. నూనె మరీ పల్చనైతే బరువుకి పొర తెగిపోద్ది. మరీ చిక్కనైతే సందుల్లోకి పాకదు. వేడికి నీరుకారకూడదు, నీళ్ళల్లో కలవకూడదు. ఈ పొడి పడ్డాక ఇది నూనె కాదండి, ఆకురాయి."

స్టోర్‌లోని డ్రమ్ములన్నీ చూశారు. అన్నింట్లోనూ అదే గరగర. గేర్ బాక్సు ఖాళీ చేసి కిరసనాయిలుతో మూడుసార్లు కడిగారు. ఇక కొత్త నూనె కావాలి.

పదకొండూ ముప్పైకి తెల్ల మారుతి వచ్చి ఆగింది. నీలం షిఫాన్ చీర, నల్లకళ్ళద్దాలు, హై హీల్స్.

"లంక పొగాకు ఎండిందా అండి?" అన్నాడు ఉదయ్.

"ఇంకో రెండు ఎండలు కావాలండి," అంది మీనాకుమారి. కోడ్ సరిపోయింది. "సొంతూరి పక్కకి ఇన్నాళ్ళకి వచ్చాను. ద్రాక్షారామంలోనే పుట్టి పెరిగానండి, పదో తరగతి దాకా అక్కడే." డిక్కీలోంచి సీలు వేసిన క్యాన్ తీయించింది. "ఇంపోర్టెడ్ సింథటిక్. పోసెయ్యండి."

"మేడంగారు టైముకి రారేమోనని ఇంట్లోంచి ఇది తెప్పించానండి," అంటూ మల్లేశ్వరరావు ఓ రేకు డబ్బా మూత తీశాడు. "వంటాముదం. మా నాన్నగారి రోజుల్లో కాలవ లాకు గొలుసులకి ఇదే పోసేవారు."

వాసన తగలగానే ఉదయ్ రెండడుగులు వెనక్కి వేశాడు. తెల్లవారుజామున అమ్మమ్మ ముక్కు మూసి, గిన్నెడు గొంతులో పోసి, కక్కితే మళ్ళీ పోసిన రోజులు గొంతు మరచిపోలేదు. డబ్బా తెచ్చిన మల్లేశ్వరరావే ముఖం పక్కకు తిప్పుకున్నాడు. మీనాకుమారి మాత్రం వంగి, వేలు ముంచి, హాయిగా వాసన చూసింది.

"విస్కాసిటీ బాగానే ఉంది. కానీ నాది బెటరండి."

ఆ ముఖంలో ఒక్క గీత కూడా కదల్లేదు. ఆ వయసు పిల్ల ఈ గోదావరి గట్టున పెరిగి ఉంటే ముక్కు చిట్లించకుండా ఉండలేదు. కోడ్ దొంగిలించొచ్చు గానీ, అది పాఠం చెప్పి నేర్పించేది కాదు. ఈమె ద్రాక్షారామాన్ని మ్యాపులో చూసిందంతే.

ఉదయ్ క్యాన్ సీలు తెంచి, ఒక్క చుక్క తీసి పెన్ను కింద పెట్టాడు. మళ్ళీ అవే పెంకులు.

"పద్దెనిమిది ఊళ్ళండి," అన్నాడు తలెత్తకుండానే. "పసిపిల్లలతో సహా."

"నా జాబ్ అది కాదు." ఆమె చేతిలో సైలెన్సర్ బిగించిన పిస్టల్ ఉంది.

ఉదయ్ కాలితో డబ్బాను ఒక్క తోపు తోశాడు. ఆముదం ఇనుప ప్లాట్‌ఫారమ్ మీద పరుచుకుంది. హై హీల్స్ జర్రున జారాయి, బుల్లెట్ రేకుల కప్పును చీల్చింది. కాపలా ఉన్న ఇద్దరు కానిస్టేబుళ్ళు ఆమెను లేపబోయి వాళ్ళూ పడ్డారు. నాలుగో ప్రయత్నానికి బేడీలు పడ్డాయి.

పదకొండూ యాభై ఐదు. డబ్బాలో సగమే మిగిలింది.

"ఇది చాలుతుందా?"

"అడుగు చక్రం మునిగితే చాలండి, మిగతా వాటికి అదే అందిస్తుంది. నాలుగు రోజుల్లో బంక కడుతుంది గానీ, సాయంత్రం దాకా పట్టుకుంటుంది."

ఉదయ్ గేర్ బాక్సులోకి ఆముదం వంచి, చేతులు మోచేతుల దాకా అందులో ముంచి, ఒక్కో పంటికీ చేత్తో పూశాడు. కక్కు గొంతులోకి వచ్చింది, మింగాడు. పన్నెండుకు నిమిషం ముందు మల్లేశ్వరరావు స్విచ్ నొక్కాడు. మోటారు మూలిగింది. గేర్ ఒకసారి ఆగి, వణికి, తిరిగింది. మొదటి గేటు లేచింది. ఎర్రనీరు సముద్రం వైపు దూకింది.

సాయంత్రం ఆఖరి గేటు కూడా లేచాక, మల్లేశ్వరరావు డబ్బా వంచి చూశాడు.

"రెండు గరిటెలు మిగిలిందండి. పిల్లలకేమైనా పట్టుకెళ్తారా?"

ఉదయ్ నాలుగోసారి చేతులకు సబ్బు రుద్దుకుంటూ అన్నాడు. "వాళ్ళేం దేశద్రోహం చేశారండి?"