తుఫానుకు ముందు పూసే మొక్క

కాపలాదారు లిన్‌వల్ శవం తోట కంచె పక్కన బోర్లా పడి ఉంది. మెడ మీద సూదిమొనంత గాటు. చొక్కా మీద పసుప్పచ్చని పొడి. ఆకాశంలో అప్పుడే రాబందులు తిరుగుతున్నాయి.

"గంజాయి పుప్పొడి," అంది తోట యజమానురాలు మిస్ ఇసిల్డా.

"ఇప్పుడు మగమొక్కలు పూస్తాయా అమ్మా?" అడిగాడు ఏజెంట్ ఆన్సెల్ పినక్.

"ఈ కొండ మీద అక్టోబరు దాకా పూయవబ్బాయ్. నా ముందుపూత మగమొక్క ఒక్కటే పూసింది. దాన్ని నరికేసి పుప్పొడి సీసాలో దాచా. ఇది నాది కాదు. ఎవరో పరాయి మొక్కను గదిలో పూయించి తెచ్చారు."

విదేశీ విత్తన ముఠా దిగిందని కింగ్‌స్టన్‌లో పై అధికారి మేజర్ టల్లక్ ఆన్సెల్‌ను హెచ్చరించనే హెచ్చరించాడు. ఏటా తుఫాను పంటను ఊడ్చుకుపోతుంటే, అంతకు ముందే పూసే వంగడం కోసం ఇసిల్డా సగం జీవితం ధారపోసింది. చివరికి మిగిలింది ఒకే తల్లిమొక్క, అదీ ఇప్పుడు నిండు పూత మీదుంది. దాని మీద పరాయి పుప్పొడి పడితే విత్తనం చెడుతుంది, కొండ మీది వాళ్ళందరి నోటికాడి కూడు పోతుంది. దాన్ని కాపాడబోయి లిన్‌వల్ చచ్చిపోయాడు. చంపినవాళ్ళు మళ్ళీ వస్తారు.

కాసేపటికి జీపు ఆగింది. ఎర్ర గౌను, నల్ల కళ్ళద్దాలతో ఒక అందగత్తె దిగింది.

"డంప్లింగులు వేగాయా?" అడిగాడు ఆన్సెల్.

"టీ చల్లారింది," అందామె. కోడ్ సరిపోయింది. ఏజెన్సీ తోడుగా పంపిన వెరోనా లిన్. "ఈ కొండెక్కడం ఇదే మొదలు. రోడ్డా ఇది? నడుం విరిగింది బాబూ!"

నీళ్ళు తగిలితే పుప్పొడి చస్తుంది. అందుకే తల మీద బకెట్ గుమ్మరించుకోనిదే ఇసిల్డా ఎవరినీ తోటలోకి రానివ్వదు. మొదటిసారి వచ్చినప్పుడు ఆన్సెల్ ఎందుకమ్మా అని పోట్లాడాడు. వెరోనా మాత్రం ఎవరూ చెప్పకుండానే హ్యాండ్‌బ్యాగు గుంజకు తగిలించి, తల మీద నీళ్ళు పోసుకుని, బ్యాగు తీసుకుని నవ్వుతూ లోపలికి నడిచింది.

మొదటిసారి వచ్చానన్న ఈమెకు ఈ నియమం ఎవరు చెప్పారు, అనుకున్నాడు బయటే ఆగిన ఆన్సెల్.

అతను తలెత్తేసరికి వెరోనా తల్లిమొక్కకు గాలి వచ్చే వైపున నిలబడి పౌడర్ డబ్బా తీసింది. తడి మొహానికి పౌడరా! ఆన్సెల్ చెయ్యి పిస్టల్ మీదికి పోయి ఆగింది. కాలిస్తే ఆ పొడి గాలికి లేస్తుంది. కంచె దగ్గరి నీళ్ళ డ్రమ్ములో బకెట్ ముంచుకుని లోపలికి పరుగెత్తాడు.

మూత క్లిక్‌మంది. బకెట్ నీళ్ళు ఆమె మీద దభాలున పడ్డాయి. డబ్బాలోని పసుప్పచ్చ పొడి ముద్దయిపోయింది.

"ఒళ్ళు తెలుస్తోందా నీకు?" అరిచింది వెరోనా. ఆమె ఉంగరంలోంచి సన్నటి సూది బయటికొచ్చింది. ఆన్సెల్ ఆ మణికట్టు విరిచిపట్టి బేడీలు వేశాడు.

"ముఠాకు అమ్ముడుపోయి ఈ సూదితోనేగా లిన్‌వల్‌ను చంపావు?"

"తల తడుపుకోమని అడ్డమొచ్చాడు మరి," అందామె.

ఇసిల్డా తల్లిమొక్కను పూవుపూవునా తడిమి చూసింది. కళ్ళు తుడుచుకుంది. తర్వాత డ్రమ్ము దగ్గరికెళ్ళి, నిండు బకెట్ తెచ్చి ఆన్సెల్ నెత్తిన గుమ్మరించింది.

"ఇదేంటమ్మా! నేను కాపాడానుగా!"

"కాపాడావులే నాయనా. తడవకుండా ఎలా వచ్చావు లోపలికి?"

పిస్టల్ ఎందుకు తడిసిందో ఆన్సెల్ రిపోర్టులో రాయలేదు.