త్రివేణి చేతిలో కుదుపు

పొద్దున్నే త్రివేణి చేతిలోంచి టీ గ్లాసు ఎగిరి గోడకు తగిలింది. నిన్న పాలచెంబు, మొన్న చాటెడు వేరుశనగ విత్తనాలు. ఉరవకొండ చుట్టుపక్కల వాన ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు గానీ, విత్తనం మాత్రం సిద్ధంగా ఉండాలి. అత్తాకోడళ్ళు కొన్నాళ్ళుగా నిద్ర చాలకుండా కాయలు ఒలుస్తున్నారు. ఇద్దరికీ ఓపిక అడుగంటింది.

"పని చెప్తే విసిరేస్తాండావా?" రామాంజినమ్మ అరిచింది. అత్త మీద కోపం దుత్త మీద చూపే కోడళ్ళను ఆమె చాలామందిని చూసింది.

"నేను విసర్లేదత్తా. చెయ్యి దానంతటదే ఎగురుతాది."

"ఎగురుతాదంట! అదేమన్నా కోడిపిల్లా?"

"ఫిట్సేమోమ్మా, చూపిస్తాం," అన్నాడు కొడుకు గంగాధర్ నీరసంగా.

"ఫిట్సు నాకు తెల్దా? ఫిట్సొచ్చే మీ మేనమామను సాకినదాన్ని. దబీమని పడిపోవాల, నోట్లో నురగ రావాల, చేతికి తాళాలగుత్తి ఇయ్యాల. ఈమె నిలబడి మాట్లాడతానే విసురుతాది. ఇది పొగరు!"

త్రివేణికి ఏడ్చే ఓపిక కూడా లేదు. సంచిలో రెండు చీరలు కుక్కుకుంది. "మా నాయన దగ్గరికి పోతా. ఆడైనా నా మాట నమ్ముతారు."

"యాడికే పోయేది?" రామాంజినమ్మ గడప దగ్గర ఆమె మణికట్టు గట్టిగా పట్టుకుంది.

ఆ పట్టులోనే చెయ్యి ఎగిరింది. మళ్ళీ ఎగిరింది. సంచి జారిపడింది. రామాంజినమ్మ కోడలి ముఖంలో కోపం కోసం వెతికింది. అక్కడ భయం తప్ప ఏమీ లేదు.

"నువ్వు చేస్తాండేది కాదా ఇది?"

"కాదత్తా."

ఆ రోజే ముగ్గురూ అనంతపురం వెళ్ళారు. పరీక్షలు చేసి డాక్టరమ్మ చెప్పింది: "పడి కొట్టుకునేదొక్కటే ఫిట్సు కాదమ్మా. కొందరు ఉన్నట్టుండి చూపు నిలిపి ఉలుకూ పలుకూ లేకుండా ఉండిపోతారు. కొందరికి తెలివి ఉండగానే, పొద్దున్నే చేతులు ఇట్లా ఎగురుతాయి. నిద్ర చాలకపోతే ఎక్కువవుతాయి. మాత్రలు మానొద్దు. తాళాలతో పని లేదు."

మర్నాడు ఎండెక్కినా కోడలిని ఎవరూ లేపలేదు. వాకిట్లో రామాంజినమ్మ ఒక్కతే కాయలు ఒలుస్తోంది.

"ఏమక్కా, కోడలింకా పండుకోనే ఉండాదా?" పక్కింటి సుంకమ్మ గొంతెత్తింది.

"మెల్లగా మాట్లాడే. నేనే లేపొద్దనినా." రామాంజినమ్మ ఒలవడం ఆపింది. "గ్లాసులు విసురుతాందని వీధంతా చెప్పినా గదా, అది అబద్ధం సుంకమ్మా. నా కోడలు ఏమీ విసర్లేదు."

లోపల మెలకువగానే ఉన్న త్రివేణికి కన్నీళ్ళు ఆగలేదు. లేచి వెళ్ళి అత్త పక్కన కూర్చోవాలనుకుంది. కానీ ఎన్నాళ్ళ అలసటో, దిండు తడుస్తుండగానే మళ్ళీ నిద్రపోయింది.