ఉమ్ సలాల్ కొరివి దెయ్యం

ఉమ్ సలాల్‌లో ఒక ఖతారీల తోట చివర పాత వంటిల్లు ఉంది. పొద్దుగూకితే అటు ఎవరూ పోరు. ముందున్న డ్రైవరు అక్కడ ఏదో మూలుగు విని, తెల్లారేసరికి పెట్టె సర్దేశాడని చెప్పుకుంటారు.

వంటింటికి ఎదురుగా అతనుండిన గదే కొత్త డ్రైవరు నాగూర్‌కి ఇచ్చారు. రాయచోటి మనిషి. ధైర్యానికి లోటు లేదు... పగటిపూట.

ఆ ఇంటి మేడమ్ వాళ్లు బార్సిలోనా చూసొచ్చాక మొదలైంది. వాళ్లతో పోయొచ్చిన వంటమనిషి అంజనమ్మ టీ పోస్తూ ఆ ఊరి కబుర్లు చెప్పింది.

"ఆడ ఒక మేడ సూసినా నాగూరూ. బాల్కనీలన్నీ పుర్రెల మాదిరే. మ్యూజియంలో బొమ్మలకి రెండు కండ్లూ ఒకే పక్కనుండాయి. రొట్టె మీద టమేటా రుద్దుకోని తింటారు, అదే వాళ్లకి పచ్చడి."

ఆ రాత్రే పాత వంటింట్లో ఎర్రటి వెలుగు. మర్నాడూ అంతే. మూడోనాడూ... పుర్రెల మేడలోంచి ఏదో సూట్‌కేసులో ఎక్కి వచ్చేసిందని నాగూర్ తేల్చేశాడు.

వంటింట్లో దెయ్యం ఉందని, తనని ఇంటికి పంపేయమని మేడమ్‌ని అడిగాడు. ఉద్యోగం పోతే ఊళ్లో తలెత్తుకోలేడు, అయినా ప్రాణం తీపి కదా.

"ఈ ఒక్క రాత్రి చూడు," అందామె. "పొద్దున కూడా ఇదే మాటంటే టికెట్ తీస్తా."

ఆ రాత్రి ఇషా నమాజు చేసుకుని కిటికీ దగ్గర కూర్చున్నాడు. వచ్చింది — అరచేయంత నిప్పు, చీకట్లో తనంతట తానే లేచింది... దిగింది... చుర్రుమంది.

కొరివి దెయ్యమే. సందేహం లేదు.

టికెట్టో, ఉద్యోగమో, చూసే తేల్చుకుందామని లేచాడు. చెప్పులు విడిచి, గోడ పట్టుకుని నడిచి, తలుపు తోశాడు.

"ఎవురది?" — గుసగుస.

"నే... నేను. నువ్వెవరు?"

"తలుపెయ్ సామీ, మేడమ్ సూస్తాది."

అంజనమ్మ! చేతిలో ఎర్రగా కాలిన అట్లకాడ. ముందర చిన్న గిన్నెల్లో చిక్కటి పాల తీపి, పైన మాడిన చక్కెర.

"ఆ ఊరోళ్లు దీని మీద చక్కెర సల్లి, కాలిన ఇనుముతో వాత పెడతారు. నేర్సుకున్నానని మేడమ్‌తో గొప్పగా చెప్పేసినా. శుక్రవారం సుట్టాలొస్తాండారు. పదకొండు గిన్నెలు మాడిపాయ... పులిని సూసి నక్క వాత పెట్టుకున్నెట్ల అయింది నా పని."

పన్నెండోది నాగూర్ చేతికిచ్చింది. పైన పలచటి చక్కెర పెంకు చిట్లింది, కింద చల్లటి మీగడ. వాడు గిన్నె గీకి మరీ తిన్నాడు.

తెల్లారి మేడమ్ అడిగింది. "దెయ్యం ఉందా, లేదా?"

నాగూర్ మూతి తుడుచుకున్నాడు.

"ఉంది మేడమ్. కానీ మంచిదే. శుక్రవారం దాకా ఉంటుందట... నేనూ ఉంటాను."